బొంగరం అందించిన మాట

ఆవిడకి అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉంది. బడి రిజిస్టరులోనూ పెళ్లి కాయితంలోనూ తప్ప అది ఎక్కడా పనికి రాలేదు. తొమ్మిదో నెలలో నడక నేర్చిన పిల్ల ఆ తర్వాత ఆగడం ఎవరూ చూడలేదు. మూడేళ్లకి బొంగరం అన్నారు. యాభై రెండేళ్లు వచ్చి, మోకాళ్లు పట్టేసి, కళ్లకి జోడొచ్చినా బొంగరం బొంగరమే. పిలిస్తే ముందు అడుగుల చప్పుడు పలుకుతుంది, తర్వాత నోరు.

పని కుట్టుపని. బస్సు ఆగే మలుపు దగ్గర ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. కాలితో తొక్కే మిషను. కరెంటు మోటారు పెట్టించుకోమని చెప్పని వాళ్లు లేరు. "మోటారు పెడితే నా కాళ్లేం చెయ్యాలి?" అని ఎదురడిగేది. కొలతలు తియ్యడానికి మనిషి చుట్టూ ఒకసారి తిరిగితే చాలు, ఈవిడ మూడుసార్లు తిరుగుతుంది. కట్టుకున్నాయన బస్సు డ్రైవరు. లోయకి ఉన్న ఒకే ఒక్క బస్సు ఆయనది. ఆయన కూర్చున్న చోటు నుంచి లేవకుండా రోజుకి రెండుసార్లు లోయంతా తిరిగొస్తే, ఈవిడ గడప దాటకుండా అంతకన్నా ఎక్కువ నడుస్తుందని ఊళ్లో ఒక మాట. ఆయన నోట్లోంచి రోజుకి పది మాటలొస్తే గొప్ప. మిగతా కోటా ఈవిడే వాడేస్తుంది.

ఆ లోయలో ప్రతి మనిషికీ రెండు పనులు. ఒకటి పొట్టకి, రెండోది హాలుకి. హాలంటే మరేం కాదు, ఏటి ఒడ్డున రేకుల కప్పేసిన పాత ధాన్యం గిడ్డంగి. ఉత్తరాలు పంచే ఆవిడ అక్కడ పిల్లనగ్రోవి ఊదుతుంది. వడ్రంగి స్టేజీ మీద ఇళ్లు కడతాడు, వాటికి తలుపులు సరిగ్గా పడతాయి గానీ అతని సొంతింటి తలుపు ఇప్పటికీ పడదు. మాంసం కొట్టాయన తెరలు వేస్తాడు. ఏటిని నీలంగా వేశాడు. ఏరు ఎప్పుడు చూసినా బురదరంగేగా అంటే, "బురద చూడ్డానికి జనం ఇంతదూరం రావాలా? గుమ్మం దిగితే చాలదూ?" అన్నాడు. అలాంటి జనం ఏడాది పొడుగునా అక్కడ పాడతారు, పేచీలు పడతారు, వానలు వెళ్లిపోయాక ఒక ఆదివారం నాటకం ఆడతారు. ఏటేటా అదే నాటకం. వాళ్ల ముత్తాతల నాడు లోయని ముంచేసిన వరద కథ. రాసినాయన బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు.

నాటకానికి ఉన్నది ఒక్కటే ప్రతి. గట్టి అట్టల నోటుబుక్కు, మాస్టారి చేతిరాత. మొదట్లో వేషాలు వేసేవాళ్లలో సగం మందికి చదువు రాదు. అందుకని మాస్టారు చదివేవారు, వాళ్లు విని పట్టేవాళ్లు. తర్వాత్తర్వాత అందరికీ చదువొచ్చింది గానీ అలవాటు మాత్రం పోలేదు. ఎవరికీ కాయితం ఇవ్వరు. ఎంత చదువుకున్నవాడైనా రిహార్సలుకొచ్చి బల్ల మీద కూర్చుని చెవొగ్గాల్సిందే. అంటే నాటకమంతా ఒక పుస్తకంలోనూ ఒక నోట్లోనూ ఉంటుందన్నమాట. ముందు ఆ నోరు మాస్టారిది. ఆయన గొంతుకి జబ్బు చేసినప్పుడు, ఇరవై రెండేళ్ల బొంగరాన్ని పిలిచి నోటుబుక్కు చేతిలో పెట్టారు. "ఈ లోయలో ఎవరేం మాట్లాడినా ముందు నీకే తెలుస్తుంది. ఇదీ నువ్వే చూసుకో" అన్నారు. పొగిడారో తిట్టారో ముప్పై ఏళ్లయినా తేలలేదు.

ఆట రోజున మాటలు అందించేవాళ్లు కూర్చోడానికి స్టేజీ అంచున గొయ్యిలాంటి పెట్టె ఉంటుంది. మనిషి మెడ దాకా కిందికి దిగిపోతే, తల ఒక్కటి స్టేజీ ఎత్తున ఉంటుంది. జనానికి కనపడకుండా వెనక చెక్క మూత. అందులో మోకాళ్లు చాపడానికి కూడా చోటు లేదు. మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. బొంగరాన్ని తీసుకెళ్లి దాంట్లో పెట్టిన మాస్టారికి హాస్యమెక్కువని కొందరు, దూరదృష్టి ఎక్కువని కొందరు అన్నారు.

పని నేర్పేటప్పుడు ఆయన చెప్పింది ఒకటే మాట. "మరిచిపోయినవాడి కళ్లు నీకేసి చూస్తాయి. కావాలని ఆగినవాడి కళ్లు ఇంకెక్కడో ఉంటాయి. ముందు కళ్లు చూడు, తర్వాత నోరు తెరు. నాటకంలో ఆగడం కూడా మాటే." బొంగరం బుద్ధిగా తలూపింది. తలూపడం తేలికే. కానీ స్టేజీ మీద ఎవరైనా రెండు క్షణాలు ఆగారంటే చాలు, ఆవిడకి అరికాళ్లలో చీమలు పాకేవి. మాట లేని చోటు కనిపిస్తే పూడ్చకుండా ఉండలేకపోయేది. అందుకే ఆవిడ అందించేది ఎప్పుడూ ఒక పిసరు ముందే. వేషగాళ్లకి అదే సుఖంగా ఉండేది. "మన బొంగరం ఉండగా మనం మరిచిపోవడమేమిటి!" అని ధీమాగా ఉండేవాళ్లు.

ఇలా ముప్పై ఏళ్లు నడిచాక, ఈ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో మాస్టారమ్మాయి కొట్టుకొచ్చింది.

మాస్టారమ్మాయికి అరవై రెండేళ్లు. పట్నంలో పాఠాలు చెప్పి, రిటైరై, మూడేళ్ల కిందట లోయకి తిరిగొచ్చి లైబ్రరీ చూసుకుంటోంది. జుట్టంతా నెరిసినా ఊరికి ఆవిడ ఇంకా మాస్టారి అమ్మాయే.

"నాన్న నాటకం అచ్చు వేయిస్తున్నామే బొంగరం. హాలు కమిటీ ఒప్పుకుంది. ఆట అయిన మర్నాడే నోటుబుక్కు ప్రెస్సుకి పంపాలి. ఈలోగా నాకోసారి ఇయ్యి, అక్షరం పొల్లుపోకుండా సరిచూసుకుంటాను."

బొంగరం చేతిలో కత్తెర ఆగింది. "దానికేం భాగ్యం అక్కా! రిహార్సళ్లకి కావాలి గదా, రెండ్రోజులాగి నేనే తెచ్చిస్తాను" అంది. రెండ్రోజులు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. లైబ్రరీ ముందు నుంచి వెళ్లాల్సి వస్తే సందు చుట్టూ తిరిగి వెళ్లేది. ఎదురుపడితే తేలు కుట్టిన దొంగలా ఏమీ ఎరగనట్టు నవ్వేది.

ఎందుకంటే, ఆ నోటుబుక్కులో ఉన్నదొకటి, లోయ ఇరవై రెండేళ్లుగా వింటున్నదొకటి.

నాటకం చివర ఒక సంగతుంది. వరద తీశాక ఊరంతా మెరక మీద చేరుతుంది. ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని ఏరు దాటిన తల్లి ఒక్క పిల్లాడితోనే వస్తుంది. ఊరి పెద్ద అడుగుతాడు: "చెయ్యి జారిందా తల్లీ?" దానికి మాస్టారు రాసిన జవాబు: "జారలేదు. నేనే వదిలాను." ఇద్దర్నీ పట్టుకుంటే ఇద్దరూ పోతారని తెలిసి, ఒకరిని వదిలి ఒకరిని గట్టెక్కించుకున్న తల్లి, ఆ మాట పదిమందిలో చెప్పడమే నాటకానికంతటికీ ఆయువుపట్టు.

ఆ తల్లి వేషం బొంగరం వదినది. సొంత అన్నయ్య భార్య, పిండిమిల్లు ఆవిడ. ఇరవై ఆరో ఏట మొదలుపెట్టి ఆరేళ్లు ఆ వేషం వేసింది. ఆ మాట ఎంత తిన్నగా అనేదంటే, హాల్లో ఈగ వాలితే వినపడేది. ఆ తర్వాత ఒక వానాకాలం ఆవిడే ఇద్దరు పిల్లల్ని తీసుకుని పుట్టింటి నుంచి వస్తూ ఏరు దాటింది. అయిదేళ్ల పిల్ల కొట్టుకుపోయింది. రెండేళ్ల పిల్లాడు మిగిలాడు. చెయ్యి జారిపోయిందట అన్నారు అందరూ. ఇంకో మాట ఎవరూ అనలేదు.

రెండేళ్లు వదిన స్టేజీ ముఖం చూడలేదు. మూడో ఏడు తనంతట తనే వచ్చి, "నా వేషం నేనే వేస్తాను" అంది. అప్పటికి మాస్టారు పోయి ఆరు నెలలు. వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రిహార్సళ్లలో ఆ చివరి సంగతి వచ్చేసరికి "ఇది నాకొచ్చులే" అని దాటేసింది. ఆట రోజున ఊరి పెద్ద వేషగాడు "చెయ్యి జారిందా తల్లీ?" అని అడిగాడు. వదిన ఆగిపోయింది.

పెట్టెలోంచి బొంగరం చూస్తోంది. వదిన చేతులు వణుకుతున్నాయి. ఆ మాట ఆవిడ చేత ఎలా అనిపించడం? నోటుబుక్కు మూసేసి, ఉండబట్టలేక, "జారిపోయింది" అని అందించింది. వదిన ఒక్కసారి కిందికి చూసింది. "జారిపోయింది" అంది. ఇక పెద్ద వేషగాడికి పాత జవాబు అతకదు కనక, అదే ఊపులో అతనికీ ఒకటి అందించింది: "నీ తప్పేం లేదు తల్లీ." హాలు హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు మిల్లు ముందు ఆడవాళ్లు వరస కట్టి వదినని కావిలించుకుని వెళ్లారు. మరుసటి ఏడు రిహార్సల్లో బొంగరం అదే చదివింది. పాతవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకున్నారు, కొత్తవాళ్లకి ఇంకోటి తెలియదు. మెల్లిగా పాతవాళ్లు కూడా మరిచిపోయారు. ఇప్పుడు లోయలో ఎవరింట్లో గ్లాసు పగిలినా, "జారిపోయింది" అని ఒకరంటే "నీ తప్పేం లేదు తల్లీ" అని ఇంకొకరంటారు.

తన జన్మకి తను చేసిన పుణ్యం అదొక్కటేనని బొంగరం ఇన్నాళ్లూ లోపల మురిసిపోతూ వచ్చింది. ఇప్పుడా పుణ్యానికి ముప్పొచ్చింది. నోటుబుక్కు అలాగే ఇస్తే పాత మాట అచ్చుకెక్కుతుంది. ఇంటింటికీ పుస్తకం వెళ్తుంది. వదిన కొడుకు చదువుతాడు. జనం ఇటు చూసి అటు చూసి, వదిన ఆ రోజు ఎందుకు మార్చి చెప్పిందా అని ఆలోచన మొదలెడతారు. దిద్ది ఇస్తే మాస్టారి రాత మాస్టారిది కాకుండా పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది బొంగరం.

ఆ పదిరోజులూ ఆవిడని చూడాలి. ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకవైపే కుట్టింది. స్కూలు పిల్లల బట్టలకి బొత్తాలు వెనక్కి వేసింది. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయి, చల్లారిందని పారబోసి మళ్లీ పెట్టుకుంది. మిషను ముందు కూర్చుంటే గుడ్డ లేకుండానే తొక్కుతూ పోయేది. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగే పెళ్లాన్ని డ్రైవరు మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఆనాటి పది మాటల్లోంచి మూడు తీసి వాడాడు.

"ఏమైందే నీకు? చెప్పు."

"నాకేమవుతుంది! మీకే ఏదో అయ్యుంటుంది" అని వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ అడగలేదు. ఊరి పెద్ద వేషం పదేళ్లుగా ఆయనదే. ఆయనతో చెప్పడమంటే నాటకంతో చెప్పడమే.

ఒక మధ్యాహ్నం తలుపేసి, మాస్టారు వాడిన రంగు సిరా సంపాదించి, నోటుబుక్కు తెరిచింది. మాస్టారి రాత ఆవిడకి చేతనవును. 'జారలేదు' మీద ఒక గీత, పక్కన ఒక మాట. అంతే. పెన్ను కాయితం మీద పెట్టి, తీసి, లేచి, గది చుట్టి వచ్చి, మళ్లీ కూర్చుంది. నాలుగుసార్లయ్యాక, ఈ పని చెయ్యాలంటే ముందు వదినతో ఒక మాట చెప్పాలనిపించింది. ఇరవై రెండేళ్లుగా ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. పైట్లో సూదులు గుచ్చుకున్నవి గుచ్చుకున్నట్టే ఉండగా మిల్లుకి బయల్దేరింది.

మిల్లు ఆడుతోంది. బెల్టు పట్టాలు టపటపలాడుతున్నాయి. వదిన కనుబొమల మీద, చెవుల మీద పిండి. గోనెసంచి మూతి పట్టుకుని నిలబడి ఉంది. బొంగరం మొహం చూసి మిల్లు ఆపేసింది.

"ఏం ఆడబిడ్డా, మళ్లీ ఎవరి చేతులు ఎవరికి కుట్టావు?"

"వదినా, నోటుబుక్కు అచ్చుకి వెళ్తోంది."

"విన్నాను."

"అందులో ఆ మాట పాతదే ఉంది."

"ఉండదూ మరి? మాస్టారు రాసింది మాస్టారి పుస్తకంలో కాకపోతే పక్కూళ్లో ఉంటుందా?"

"నేను దిద్దేస్తాను వదినా. ఒక్క గీత. ఎవరికీ తెలీదు. నీకు ఏ బాధా లేకుండా నేను చూసుకుంటాను. అప్పుడు చూసుకోలేదూ?"

వదిన గోనె మూతి వదిలి, తిరగలి పక్కనున్న పీట మీద కూర్చుంది. బొంగరం తూకం రాళ్లు సర్దింది. రాలిన పిండి చేత్తో పోగుచేసింది.

"అలా తిరక్కు. ఇటు కూర్చో" అంది వదిన. "ఆ రోజు నేను మాట మరిచిపోయాననుకున్నావా?"

"మరిచిపోయావని కాదు... చెప్పలేకపోతున్నావని..."

"నా కళ్లు నీకేసి చూశాయా?"

బొంగరం గుర్తు చేసుకుంది. ఆ రోజు వదిన కళ్లు తను చూడనేలేదు. చేతులు వణకడం చూసింది, అంతే. మాట ముందు అందించింది. వదిన కిందికి చూసింది ఆ తర్వాత.

"రెండేళ్లు స్టేజీ ఎక్కనిదాన్ని ఆ ఏడు ఎందుకెక్కానో ఎప్పుడైనా అడిగావా?" వదిన గొంతు పెంచలేదు. "నీళ్లు నడుము దాకా వచ్చాయి. అది ఈ చేతిలో, వాడు ఈ చేతిలో. నాటకంలో ఆవిడ ఏం చేసిందో నేనూ అదే చేశాను. దాని చెయ్యి జారలేదు బొంగరం. నేను వేళ్లు తెరిచాను."

బొంగరం కూర్చున్న చోటే బిగుసుకుపోయింది.

"ఇంటికొచ్చేసరికి మీ అన్నయ్య 'జారిందా?' అన్నాడు. తలూపాను. మీ అమ్మ 'జారిపోయింది' అంది. ఊరంతా అదే అంది. కాదని చెప్పడానికి నాకెక్కడా చోటు దొరకలేదు. హాలుందిగా అనుకున్నాను. ఆరేళ్లు ఆ మాట చెప్పిన నోరే కదా. వినేవాళ్లు వింటారు, నాటకమేలే అనుకునేవాళ్లు అనుకుంటారు, నాకు మాత్రం చెప్పినట్టవుతుంది. ఊపిరి కూడదీసుకుంటున్నాను. మాట ఇక్కడిదాకా వచ్చేసింది." గొంతు మీద పిండి చెయ్యి పెట్టుకుంది. "ఇంతలోకే నువ్వు గబుక్కున ఇంకో మాట తెచ్చి నా నోట్లో పెట్టావు. అనేశాను. జనం ఏడ్చారు. వచ్చి కావిలించుకున్నారు. ఇంక ఎవరికి చెప్పను?"

"ఆ మర్నాడైనా నాకు చెప్పకపోయావా వదినా!"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

బొంగరానికి ఏడుపొచ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఇరవై రెండేళ్లు పుణ్యమనుకుని మోసినది ఇదా అనుకుంది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఉండబట్టక, "ఈ ఏడు చెప్పెయ్యి" అంది.

"వాడు పక్కనే తెర తాడు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇరవై ఆరేళ్లవాడు. తనకోసం అక్కని వదిలేశారని వాడు వినాలా?" వదిన లేచింది. "ఏం చేస్తానో నాకే తెలీదు. నువ్వు మాత్రం ఏదీ అందించకు. పాతదీ వద్దు, కొత్తదీ వద్దు. ఆ ఒక్కచోట నోరు మూసుకుని కూర్చో. చేతనవునా?"

మిల్లు మళ్లీ మొదలుపెట్టింది. ఆ చప్పుడులో బొంగరం అన్న 'చేతనవును' ఆవిడకి వినపడిందో లేదో.

అక్కణ్ణుంచి తిన్నగా లైబ్రరీకి వెళ్లి నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నది ఆటలో లేదని, ఒక్క ఆ సంగతే కాదు, రుచి మరిగాక అక్కడక్కడ ఇంకో ఇరవై మాటలు మార్చానని, మొత్తం చెప్పేసింది. వదిన సంగతి మాత్రం చెప్పలేదు. నువ్వుగింజ ఆ రోజు నానింది.

మాస్టారమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మా నాన్న రాసింది మార్చడానికి నువ్వెవరివే?"

"ఎవర్నీ కాదక్కా."

"అచ్చులో నాన్న రాసిందే వస్తుంది. ఆటకి ఇంక నాలుగు రోజులే ఉంది, ఇప్పుడు ఇంకొకళ్లని వెతకలేం. ఈసారికి ఇది పట్టుకెళ్లి నువ్వే కూర్చో. వచ్చే ఏడాది ఆ పెట్టెలోకి నువ్వు రాకు."

సరేనంది. ముప్పై ఏళ్ల పెట్టె పోయింది. ఇంటికి నడుస్తుంటే, దాని గురించి ఏడవడానికి కూడా తనకి తీరిక లేదని తెలిసింది. ఆవిడని తినేస్తున్నది ఒకటే. ఆదివారం వదిన ఆగుతుంది. ఎంతసేపు ఆగుతుందో ఎవరికి తెలుసు. అంతసేపూ తను ఊరుకోగలదా? సాధన కూడా చేసింది. డ్రైవరు అన్నం తింటూ "ఉప్పు..." అని ఆగితే, ఉప్పు డబ్బా ముందుకు తోయకుండా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ఆయన ఆవిడ మొహంలోకి అయోమయంగా చూసి, లేచి, తనే తెచ్చుకున్నాడు.

ఆట పగలే. చీకటి పడితే పై ఊళ్ల వాళ్లకి బస్సుండదు. బస్సు నడిపే ఆయన స్టేజీ మీద ఉంటాడు మరి. హాలు కిక్కిరిసిపోయింది. బెంచీలు చాలక కిటికీల్లో కూర్చున్నారు. ముందు వరసలో మాస్టారమ్మాయి. తెర పక్కన తాడు పట్టుకుని వదిన కొడుకు. వరద వచ్చింది, నీలం ఏరు ఊగింది, పిల్లనగ్రోవి ఒకటి రెండు చోట్ల తప్పింది, జనం పట్టించుకోలేదు. యాభై ఆరేళ్ల వదిన ముప్పై ఏళ్ల తల్లిగా ఒక్క పిల్లాణ్ణి చంకనేసుకుని మెరక ఎక్కింది. లోయలో ఎవరికీ అందులో తప్పు కనపడలేదు.

డ్రైవరు ఊరి పెద్ద తలపాగాలో ముందుకొచ్చాడు. "చెయ్యి జారిందా తల్లీ?"

వదిన ఆగింది.

ఈసారి బొంగరం ముందు కళ్లు చూసింది. ఆ కళ్లు పెట్టెకేసి లేవు. తెర పక్కకి, తాడు పట్టుకున్న వాడి మీద ఉన్నాయి.

రేకులు ఎండకి టిక్కుమన్నాయి. ఎవరో దగ్గారు. బొంగరం అరికాళ్ల నుంచి నడినెత్తి దాకా చీమలు పాకాయి. పిడికిలి నోట్లో పెట్టుకుని పళ్ల మధ్య బిగించింది. ఇంకా ఆగింది వదిన. చంకలో పిల్లాడు కదిలాడు. డ్రైవరు పెదవి తడుపుకున్నాడు. ఇంత ఆగడం ఆ హాల్లో ఎప్పుడూ జరగలేదు. అప్పుడు ముందు వరసలో ఒక ముసలావిడ, పాపం మరిచిపోయిందనుకుని, మెల్లిగా, ప్రేమగా, "జారిపోయింది" అని అందించింది.

వెనక బెంచీలోంచి ఇంకొకరు, "జారిపోయిందమ్మా, చెప్పు." కిటికీలోంచి ఒకరు. అటువైపు నుంచి ముగ్గురు. మొగవాళ్లు, పిల్లలు, కావిలించుకుని వెళ్లిన ఆడవాళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ తల్లిని కడుపులో పెట్టుకున్న జనం అందరూ కలిసి ఆవిడకి మాట అందిస్తున్నారు. "జారిపోయింది, జారిపోయింది." వాళ్లకి అది నేర్పింది తనే. అరిచి అందరి నోళ్లూ మూయించాలనిపించింది బొంగరానికి. పిడికిలి ఇంకా గట్టిగా కొరికింది. నోట్లో ఉప్పగా తగిలింది.

వదిన వాళ్లంతా ఆగేదాకా ఆగింది.

"జారలేదు" అంది. "నేనే వదిలాను."

హాల్లో ఒక్కరు కదల్లేదు. తెర పక్కన తాడు పట్టుకున్న చెయ్యి కనిపిస్తోంది. తాడు కదల్లేదు. వదిన ఇంకా అటే చూస్తోంది.

ఇక చెప్పాల్సింది ఊరి పెద్ద. డ్రైవరుకి తెలిసింది ఒకటే జవాబు, పదేళ్లుగా పెళ్లాం నోట విని నేర్చుకున్నది. దానికోసం నోరు తెరిచాడు. తెరిచి, ఆగిపోయాడు. ఆ మాట ఇక్కడ అతకదని పది మాటల మనిషికి కూడా తెలిసింది. కళ్లు కిందికి, తిన్నగా పెట్టెకేసి దించాడు.

బొంగరం నోటుబుక్కు తిప్పింది. కళ్లజోడు తడిసి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. చేత్తో తుడిచి, వేలు పెట్టి వెతికింది. తను ఇరవై రెండేళ్లుగా పైకి చదవని మాట, మాస్టారి చేతిరాతలో అక్కడే ఉంది. గొంతు సవరించుకుని అందించింది.

డ్రైవరు వదిన వైపు తిరిగాడు.

"విన్నాం తల్లీ. ఇలా వచ్చి కూర్చో."

వదిన వచ్చి కూర్చుంది.